గొళ్ళెం ఉందా?

ఏమే చెల్లీ, నిన్న ఫోన్లో ఏమన్నావు? "ఆవకాయ పెట్టి పెట్టి నేనే పిల్లదాని పేగులు పాడుచేశానక్కా" అనా? ముందు ఆ మాట గట్టున పెట్టు. అల్సరేటివ్ కొలైటిస్ కారం తింటే వచ్చేది కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే గాడి తప్పి పెద్దపేగు లోపలి పొర మీద పడుతుంది, పుళ్ళు పుట్టిస్తుంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా! మావాడికి పన్నెండో ఏట రక్తం పడుతుంటే వేడి చేసిందని నెల్లాళ్ళు మజ్జిగ తాగించాను. తర్వాత అమీబా మందులు, ఆ తర్వాత మొలలన్నారు. కొలనోస్కోపీ చేసి చిన్న ముక్క పరీక్షకు పంపితే గానీ అసలు పేరు బయటపడలేదు.

స్టెరాయిడ్లతో మొహం ఉబ్బిందని బెంగపడకు, మెల్లగా తగ్గిస్తారు. నువ్వు మాత్రం టక్కున ఆపకు. అవి జబ్బు ముదిరినప్పుడు అదుపులోకి తేవడానికే. రోజూ వెయ్యాల్సింది మెసలమైన్, ఒళ్ళు బాగున్నా సరే.

మావాడు అక్కడే దెబ్బ తిన్నాడు. టిఫిన్ తింటే బడిలో బాత్రూంకి పరుగెత్తాల్సి వస్తుందని టిఫిన్ మానేశాడు. టిఫిన్ తర్వాతి మాత్రలూ దాంతోపాటే పోయాయి. నాకేం తెలుసు? జామెట్రీ బాక్సులో దొరికాయి! అప్పటికే రోజుకు పదిసార్లు, జ్వరం. వారం రోజులు ఆసుపత్రిలోనే.

తిట్టబోయి ఆగాను. "క్లాసులో చెయ్యెత్తితే అందరూ నవ్వుతారమ్మా" అన్నాడు. డాక్టరు చీటీ పట్టుకెళ్ళి క్లాస్ టీచరుతో మాట్లాడాను. తలుపు పక్క బల్ల ఇచ్చారు. బల్ల మీద నీలం కార్డు పెట్టి లేచి వెళ్ళిపోవచ్చు, అడగక్కర్లేదు. బ్యాగులో ఇంకో జత బట్టలు. డాక్టరుగారినే అడిగి మాత్రలన్నీ రాత్రికి మార్పించాం.

తిండి సంగతా? పథ్యం పేరుతో ఎండబెట్టకు, ఎదిగే పిల్ల. పప్పు, గుడ్డు, పడితే పెరుగూ పెట్టు. ఎత్తు, బరువు రాసిపెట్టుకో, ఎదుగుదల ఆగితే అదీ ఈ జబ్బు గుర్తే. నెలసరి నొప్పికి ఐబుప్రొఫెన్ వద్దు, పారాసిటమాల్ చాలు. ప్రతిసారీ కొలనోస్కోపీయేనా అని భయపడకు, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చూస్తే లోపల వాపు సంగతి చాలావరకు తెలుస్తుంది.

ఆదివారం వస్తున్నా, ఆ నీలం కార్డు తెస్తా. ఈలోగా పిల్లదాన్ని మెల్లిగా అడుగు, వాళ్ళ బడి బాత్రూం తలుపుకి గొళ్ళెం ఉందా అని.