చిల్లరలో దొరికిన వింత నాణెం

ప్రశ్న: కిరాణా కొట్లో ఇచ్చిన రెండు రూపాయల బిళ్లపై బొమ్మ పక్కకు జరిగి ఉంది. సంవత్సరం కింద చుక్క గుర్తు (నక్షత్రం) కూడా ఉంది. విలువ ఉంటుందా?

జవాబు: నక్షత్రం తప్పు కాదండీ, హైదరాబాద్ టంకశాల గుర్తు. బొమ్మ జరగడమంటే, బిళ్ల అచ్చుల మధ్య సరిగ్గా కూర్చోకముందే దెబ్బ పడిందన్నమాట. అప్పుడు ఒక అంచున నెలవంకలా ఖాళీ మిగిలి, ఎదుటి అంచున బొమ్మ తెగిపోతుంది. ఇది రెండు వైపులా కనిపించాలి. గీతలు, సొట్టలు వాడకంలో పడినవే. కాస్త జరిగితే పెద్ద ధర రాదు. సగం దాకా జరిగినా సంవత్సరం చదవగలిగితే సేకర్తలు ఎక్కువిస్తారు. చింతపండుతో తోమకండి, విలువ పడిపోతుంది. అమ్మిపెడతామంటూ ముందే కమీషన్ అడిగేవారిని నమ్మకండి; తన పేరు వాడుకునే ఇలాంటి మోసాలపై రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.