గెలాక్సీల నడిబొడ్డు నుంచి జెట్లు

హైటెక్ సిటీ దీపాల వెలుగులో మన హాస్టల్ మేడ మీద నుంచి చుక్కలు సరిగా కనిపించవు. అయినా ఆకాశంలోని గొప్ప వింతలు కొన్ని కంటికి అందనివే. గెలాక్సీ జెట్లు అలాంటివి.

పెద్ద గెలాక్సీల మధ్యలో భారీ కృష్ణబిలం ఉంటుంది. దాని వైపు వచ్చే వాయువు పళ్లెంలా చుట్టూ తిరుగుతూ వేడెక్కుతుంది. ఈ భ్రమణం అయస్కాంత క్షేత్రాలను తాడులా పేనుతుంది. బిలంలో పడకముందే కొంత పదార్థాన్ని అవి రెండు ధారలుగా, దాదాపు కాంతి వేగంతో బయటికి విసురుతాయి. ఇవే జెట్లు.

1918లో హెబర్ కర్టిస్ ఎం87 గెలాక్సీలో తిన్నని గీతలాంటి వెలుగును గమనించాడు. అది జెట్ అని తర్వాత తెలిసింది. 2019లో అక్కడి కృష్ణబిలం చిత్రం వెలువడింది. దాని ద్రవ్యరాశి సూర్యునికి సుమారు 650 కోట్ల రెట్లు!

మరి జెట్ల వల్ల ఏమవుతుంది? వాయువు చల్లబడితేనే నక్షత్రాలు పుడతాయి. జెట్లు దాన్ని చల్లబడనివ్వవు. అందువల్లే పెద్ద గెలాక్సీలు హద్దు లేకుండా పెరగవు.

జెట్లు రేడియో తరంగాలను వెదజల్లుతాయి. వాటిని పట్టేందుకు పుణె దగ్గర ఖోదద్ ప్రాంతంలో 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లున్నాయి. ఆ సంకేతాలను కలిపి బొమ్మగా మార్చేది కంప్యూటరే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కంప్యూటర్ చదువు అద్దాల మేడల్లోకే కాదు, గెలాక్సీల దాకా దారి చూపుతుంది. పక్కనే గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ కూడా ఉంది. మేము ఆలస్యంగా తెలుసుకున్నాం. మీరు ఇప్పుడే తెలుసుకోండి.