అవటు గ్రంథి మాంద్యము: రక్తపరీక్షా పత్రమును చదువు విధము

గత విద్యాసంవత్సరమున తొమ్మిదవ తరగతిలో నొక బాలిక మధ్యాహ్నపు బీజగణితపు పాఠమున తఱచుగా కునుకుచుండెను. అంతకు ముందు రెండేండ్లు ఆమె లెక్కలలో తరగతికి మొదటిది. అట్టి పిల్ల నల్లబల్లమీది లెక్కను ఎక్కించుకొనుటకే ఇతరులకంటె రెట్టింపు కాలము తీసికొనుచు, ఎండ కాయుచున్నను చేతులు ముడుచుకొని కూర్చుండుచు, పిలిచినపుడు పలుకుటకు జాగుచేయుచుండుటచే నేను దానిని సోమరితనమనుకొంటిని. రెండు పర్యాయములు ఆమెను బల్లమీద నిలువబెట్టితిని. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గుగానే యున్నది. అయినను ఈ వ్యాసము పుట్టుటకు అదియే కారణము గనుక వ్రాయక తప్పదు.

అర్ధసంవత్సర పరీక్షలైన పిమ్మట ఆ పిల్ల తల్లి యొక కాగితము పట్టుకొని బడికి వచ్చెను. జుట్టు రాలుట, నీరసము, మొగము కొంచెము ఉబ్బుట చూచి ఇరుగుపొరుగువారు "ఇది థైరాయిడే" అని తేల్చిరట. ఆమె కూలిడబ్బులు వెచ్చించి వైద్యుని చూడకయే పరీక్ష చేయించినది. "మాస్టారూ, అంతా ఇంగ్లీషులో ఉంది. టి.ఎస్.హెచ్. దగ్గర నల్లగా అచ్చు కొట్టారు. మందుల షాపు అబ్బాయి మాత్రలు మొదలుపెట్టెయ్యమంటున్నాడు. వెయ్యమంటారా?" అని యడిగెను. నాకు లెక్కలు తెలియునే గాని ఆ లెక్కలు తెలియవు. మాత్రలు కొనవద్దని చెప్పి, మఱునాడు వారితో కూడ నేనును వైద్యునియొద్దకు పోతిని. అచట వినినదానిని, పిదప పుస్తకములు చూచి తెలిసికొన్నదానిని, మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును పనికివచ్చునని తలచి వ్రాయుచున్నాను.

అవటు గ్రంథి, అనగా థైరాయిడ్, మెడ ముందుభాగమున కంఠమణికి దిగువగా శ్వాసనాళమును ఆనుకొని, ఱెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె నుండును. పెద్దవారిలో దాని బరువు సుమారు 20 గ్రాములు. ఆహారమునుండి రక్తమున చేరిన అయొడిన్‌ను పీల్చుకొని అది రెండు హార్మోనులను చేయును. అయొడిన్ పరమాణువులు నాలుగు గలదానిని టి 4 అనియు, మూడు గలదానిని టి 3 అనియు అందురు. టి 4 కే థైరాక్సిన్ అని పేరు. ఎడ్వర్డ్ కెండాల్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని మేయో క్లినిక్‌లో దానిని స్ఫటికరూపమున వేరుచేసినది 1914వ సంవత్సరపు క్రిస్మసు దినముననే.

శరీరములోని కణములు ఎంత చురుకుగా పనిచేయవలెనో ఈ హార్మోనులు నిర్ణయించును. అవి తగ్గెనా, పొయ్యిలో మంట తగ్గినట్లే. చలి ఎక్కువగా తోచును. అలసట, మలబద్ధకము, చర్మము పొడిబారుట, జుట్టు రాలుట, మాట మందగించుట కలుగును. స్త్రీలకు ఋతుస్రావము అధికము కావచ్చును. పూర్వము ఈ వ్యాధికి మందే లేదు. 1891లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ నగరమున జార్జి మర్రే అను వైద్యుడు గొఱ్ఱె అవటు గ్రంథిసారమును 46 ఏండ్ల యొక స్త్రీకి సూదిద్వారా ఎక్కించెను. ఆమె ఆ చికిత్సతో మఱి 28 ఏండ్లు జీవించి 1919లో మరణించెను. కాబట్టి ఈ రోగము నవ్వులాట గాదు. దీని మందు వట్టి బలపుమందును గాదు.

ఇక కాగితము మాట. టి.ఎస్.హెచ్. అనునది అవటు గ్రంథి చేయు పదార్థము కాదు. ఇది తెలియకనే చాలమంది తికమకపడుదురు. మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి యొకటి కలదు. అది రక్తములోని థైరాక్సిన్‌ను కనిపెట్టి చూచుచు, తక్కువైనపుడు "ఇంకను చేయుము" అని అవటు గ్రంథికి పంపు ఆజ్ఞయే టి.ఎస్.హెచ్. తరగతి పనిచేయనపుడు ఉపాధ్యాయుని గొంతు హెచ్చును గదా! (నా గొంతు ఎంత హెచ్చునో పదవ తరగతివారు సాక్ష్యమీయగలరు.) గది బయట నిలిచినవాడు గొంతును విని తరగతి స్థితిని ఊహించినట్లే, టి.ఎస్.హెచ్. హెచ్చుగా నున్నచో అవటు గ్రంథి వెనుకబడినదని వైద్యుడు ఊహించును. "టి.ఎస్.హెచ్. ఎక్కువ వచ్చింది గనుక థైరాయిడ్ ఎక్కువైంది" అని మా వీధిలో నొకరు చెప్పగా వింటిని. నిజమునకు అది తలక్రిందులు.

పెద్దవారికి టి.ఎస్.హెచ్. సాధారణముగా లీటరునకు 0.4 నుండి 4 మిల్లీయూనిట్ల వఱకు నుండును. ఈ హద్దులు ప్రయోగశాలనుబట్టి, వయస్సునుబట్టి కొంచెము మాఱును. గర్భిణులకు వేఱుగా నుండును. హద్దు దాటినంతనే రోగమని చెప్పరాదు. దానితోపాటు రక్తములో స్వేచ్ఛగా నున్న టి 4 ను కూడ చూడవలెను. టి.ఎస్.హెచ్. హెచ్చి టి 4 తగ్గినచో అది స్పష్టమైన మాంద్యము. టి.ఎస్.హెచ్. కొంచెము హెచ్చి టి 4 సరిగానే యున్నచో, గ్రంథి కష్టపడుచున్నను పని నెట్టుకొనివచ్చుచున్నదని యర్థము. ఇట్టివారిలో చాలమందికి రెండు మూడు నెలల తరువాత మరల పరీక్షించినపుడు అంకె తనంతట తానే దిగివచ్చుట కలదు. టి.ఎస్.హెచ్. రాత్రివేళ పెరిగి మధ్యాహ్నమునకు తగ్గును గనుక, రెండు పరీక్షలను పోల్చవలెనన్న రెండింటికిని ఇంచుమించుగా ఒకే వేళ రక్తమిచ్చుట మేలు. అరుదుగా టి 4 తగ్గియుండియు టి.ఎస్.హెచ్. పెరుగదు. అప్పుడు తప్పు తరగతిది గాదు, ఉపాధ్యాయునికే గొంతు పోయినది. వైద్యుడు పీయూష గ్రంథిని పరీక్షింపవలసియుండును.

ప్రతిరక్షకముల పరీక్ష యొకటి కూడ కలదు. దేహమును కాపాడవలసిన రక్షణబలము పొరబడి తన అవటు గ్రంథినే క్రమముగా పాడుచేయుట యొక రోగము. దానిని 1912లో వర్ణించిన జపాను వైద్యుడు హకారు హషిమోటో పేరనే అది పిలువబడుచున్నది. అయొడిన్ చాలినంత దొరకు ప్రదేశములలో అవటు మాంద్యమునకు ఇదియే ముఖ్య కారణము.

మన బాలిక కాగితమున టి.ఎస్.హెచ్. 5.9 అని యుండెను. వైద్యుడు ఆ కాగితమును బల్లమీద పెట్టి, మొదట పిల్ల క్రిందిఱెప్పను లాగి చూచెను. లోపల ఎఱుపు లేదు. "బియ్యం గానీ, బలపాలు గానీ తింటావా అమ్మా?" అని యడిగెను. పిల్ల తలవంచుకొనెను. నా బల్లమీది సుద్దముక్కలు ఏల మాయమగుచుండెనో నాకప్పుడు తెలిసినది! ఇనుము తక్కువైనవారికి మన్ను, బియ్యము, బలపము, సుద్ద తినవలెనను కోరిక పుట్టుట వైద్యులెఱిగినదే.

రెండవ పరీక్షలో టి 4 సరిగానే యున్నది, ప్రతిరక్షకములు లేవు. హీమోగ్లోబిన్ మాత్రము 8.1. ఆ వయస్సు బాలికలకు 12 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యందురు. ఫెరిటిన్ 5. ఫెరిటిన్ అనగా దేహమున దాచిపెట్టిన ఇనుమునకు గుర్తు. హీమోగ్లోబిన్ చేతిలోని ఖర్చు డబ్బైనచో ఇది గాదెలోని ధాన్యము. లీటరునకు 15 మైక్రోగ్రాములకు తగ్గినచో గాదె ఖాళీ. జ్వరము, వాపు మొదలగునవి యున్నపుడు ఫెరిటిన్ పెరిగి గాదె నిండినట్లు భ్రమ పుట్టించును గనుక దానినిగూడ ఒంటరిగా నమ్మరాదు.

ఇచట నొక చిక్కు కలదు. అవటు గ్రంథి హార్మోనును చేయుటకు తోడ్పడు ఎంజైమునకే ఇనుము కావలెను. ఇనుము తగ్గినచో గ్రంథి పని కుంటుపడవచ్చును. మఱియొకవంక, గ్రంథి మందగించినచో ఋతుస్రావము హెచ్చి, రక్తముతో ఇనుము పోవును. ఏది కారణమో ఏది కార్యమో ఒక్క అంకె చెప్పలేదు. రెండును ఒకరియందే యుండుటయు కలదు. అందుచేత రెండింటిని కలిపి చూచెడివారు కావలెను.

బి 12 విటమినును మఱువరాదు. దాని లోపమువలనను అలసట, మఱపు కలుగును. చేతులు కాళ్లు తిమ్మిరులెక్కును. సహజముగా అది జంతుసంబంధమైన ఆహారమున, అనగా పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసములలోనే దొరకును. పాలు చాలని శాకాహారులకును, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మాత్రలు చిరకాలము వేసికొనువారికిని లోపము రావచ్చును. హషిమోటో వ్యాధి యున్నవారిలో కొందఱికి ఉదరము బి 12 ను గ్రహించు శక్తినే కోల్పోవును. మిల్లీలీటరునకు 200 పికోగ్రాములకు తగ్గినచో లోపముగా నెంతురు. ఇనుము తగ్గినపుడు ఎఱ్ఱ రక్తకణములు చిన్నవగును. బి 12 తగ్గినపుడు పెద్దవగును. రెండును తగ్గినచో సగటు సరిపోయి, కాగితము మీద కణముల పరిమాణము నిర్దోషముగా కనబడును! సగటులు మోసగించునని లెక్కల గంటలో నేను చెప్పుచుండుట వట్టిమాట గాదు.

ఫోలిక్ ఆమ్లము సంగతియు నిట్టిదే. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. ఎందఱో గర్భిణులకు అది ప్రాణరక్షకమైనది. కాని బి 12 లోపమున్నవారికి ఫోలిక్ ఆమ్లమొక్కటియే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడుచుండగనే నరములు లోలోపల చెడిపోవుచుండును. డి విటమినుగూడ చాలమందికి తక్కువగా నుండును. మిల్లీలీటరునకు 20 నానోగ్రాముల క్రింద నున్నచో సరిచేసికొనవలసినదే. అది ఎముకలకు, కండరములకు మేలు. దానివలన అవటు మాంద్యము కుదురునని మాత్రము తలపరాదు.

విటమినులవలన హాని యేమియని యడుగువారు కలరు. మా అక్కగారి సంగతి చెప్పెదను. ఆమె జుట్టు రాలుచున్నదని బయోటిన్ అను విటమిను మాత్రలు దినమునకు 10 మిల్లీగ్రాముల చొప్పున వేసికొనుచుండెను. పెద్దవారికి దినమునకు కావలసినది 30 మైక్రోగ్రాములే, అనగా ఆమె మింగినది మూడువందల రెట్లకు పైగా. కొన్ని ప్రయోగశాలల యంత్రములు బయోటిన్ సాయముననే హార్మోనులను కొలుచును. రక్తమున అది మిక్కుటముగా నున్నపుడు టి.ఎస్.హెచ్. ఉన్నదానికంటె తక్కువగాను, టి 4 ఎక్కువగాను చూపును. ఆమె పరీక్ష సరిగా నున్నట్లు వచ్చెను. ఏడాదిపాటు ఆమె చలిని, మలబద్ధకమును, మా చీవాట్లను కూడ భరించినది. మఱియొక వైద్యుడు ఆ మాత్రలను మాన్పించి, కొన్ని దినములాగి పరీక్షింపగా టి.ఎస్.హెచ్. 16 అని తేలెను. పరీక్షకు కనీసము రెండు దినములు ముందుగా బయోటిన్ మానవలెను. మోతాదు మిక్కిలి పెద్దదైనచో ఇంకను ముందుగా. వేసికొను ప్రతి మందును, "అది విటమినే గదా" అని దాచక, రక్తము తీయువారితోను వైద్యునితోను చెప్పవలెను.

ఇప్పుడామె థైరాక్సిన్ మాత్ర వేసికొనుచున్నది. ప్రొద్దున పరగడుపున నీళ్లతో మ్రింగి, అరగంట మొదలు గంట వఱకు కాఫీగాని ఫలాహారముగాని ముట్టరాదు. ఇనుము, కాల్షియము మాత్రలు దానిని రక్తమున చేరనీయవు గనుక నడుమ నాలుగు గంటల ఎడముండవలెను. థైరాక్సిన్ దేహమున సగమగుటకు వారము పట్టును. అందుచే మోతాదు మార్చిన ఆఱు మొదలు ఎనిమిది వారములకు గాని మరల పరీక్షించుట నిష్ప్రయోజనము. పదిదినములకే "గుణము లేదు" అని మాత్ర మానుట తొందరపాటు.

అయొడిన్ గుఱించి యొక్క మాట. శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన వులిమిరి రామలింగస్వామిగారు 1956 మొదలుకొని కాంగ్రా లోయలో ఒక ప్రాంతమువారికి మామూలు ఉప్పును, ఇతర ప్రాంతములవారికి అయొడిన్ చేర్చిన ఉప్పును ఇప్పించి, రెండవది తిన్నచోట గలగండము తగ్గుటను లోకమునకు చూపిరి. 1962లో మన ప్రభుత్వము గలగండ నివారణ కార్యక్రమమును ప్రారంభించినది. అట్టి ఉప్పు వాడు ఇంట, థైరాయిడ్ శంక కలిగినదని అయొడిన్ చుక్కలుగాని సముద్రపు నాచు మాత్రలుగాని అదనముగా తినుట మేలు చేయకపోగా గ్రంథిని మఱింత చెఱచవచ్చును.

మన బాలికకు వైద్యుడు థైరాక్సిన్ ఈయలేదు. నులిపురుగుల మందును, ఇనుపమాత్రలను ఇచ్చి, వాటిని టీతో గాక నిమ్మరసముతో వేసికొమ్మని, మూడు నెలలకు రమ్మని చెప్పెను. వేసవి సెలవుల తరువాత ఆమె క్రొత్త కాగితమును తానే తెచ్చినది. ఈ పర్యాయము చదువుట నా వంతు కాదంటిని. టి.ఎస్.హెచ్. 3.1, హీమోగ్లోబిన్ 12.2, ఫెరిటిన్ 14. ఆమె గడగడ చదివి, కొంచెము ఆగి, "హీమోగ్లోబిన్ సరిపోయింది కదా సార్, మాత్రలు ఇంకా మూడు నెలలు వెయ్యమన్నారెందుకు?" అని యడిగినది. ఫెరిటిన్ యెదుటనున్న అంకెను మరల చూడుమంటిని. చూచి, "గాదె ఇంకా నిండలేదు సార్" అని తన బల్లకు పోయి కూర్చున్నది.