పద్నాలుగో కుర్చీ

నల్లగండ్ల,
ఆదివారం పొద్దున్న

బిడ్డా,

రాత్రి నువ్వు పంపిన విశ్వవిద్యాలయ ఉద్యోగ ప్రకటన చదివాను. దాని కింద నువ్వు రాసిన మాట మాత్రం పదిసార్లు చదివాను: "పోయి రావడమే కదా మేడం, ఎందుకు?" ఫోన్ చేస్తే "సరే మేడం" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

మాదాపూర్‌లో నీ ఉద్యోగాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఆ జీతంతోనే ఏటూరునాగారంలో మీ ఇంటికి స్లాబు పడింది, తమ్ముడి ఫీజులు కట్టావు. పిహెచ్‌డి పట్టా వచ్చాక కొన్నాళ్లు పీరియడ్ లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెప్పావు. ఎండాకాలం సెలవుల్లో పైసా రాక స్నేహితురాలి హాస్టల్ గదిలో చాప వేసుకుని పడుకున్నదానివి. అలాంటిదానివి కంపెనీలో శిక్షణ విభాగానికి పోతే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. ఎందుకు లేదో కింద రాస్తాను.

ప్రకటనలో ఒక వరుస ఉంది చూశావా? ఆదివాసీ అధ్యయనాలు, జెండర్ స్టడీస్, అసిస్టెంట్ ప్రొఫెసర్, పోస్టు 1, ఎస్టీ. ఆ చివరి రెండక్షరాలు ఎట్లా వచ్చాయో నీకు తెలియాలి. 2017లో అలహాబాద్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం 2018 మార్చిలో యూజీసీ, అధ్యాపక రిజర్వేషన్లకు విశ్వవిద్యాలయం మొత్తాన్ని కాదు, ఒక్కో శాఖను విడిగా లెక్కపెట్టమంది. పదమూడు పాయింట్ల రోస్టర్ అన్నారు దాన్ని. అందులో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి. ఇప్పుడు ఆలోచించు. ఉమెన్స్ స్టడీస్‌లో గానీ గిరిజన అధ్యయనాల్లో గానీ ఉండేదే నలుగురైదుగురు. అక్కడ పద్నాలుగో కుర్చీ ఎప్పుడు వేస్తారు? ఏడున్నర శాతం అని కాగితం మీద ఉంటుంది, ఆదివాసీల గురించి పాఠం చెప్పే శాఖలోనే ఆదివాసీకి వంతు రాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. విద్యార్థులు, అధ్యాపకులు దేశమంతా రోడ్డెక్కాక మార్చిలో ఆర్డినెన్సు, ఆ ఏడే చట్టం వచ్చాయి. కేంద్ర విద్యాసంస్థల్లో మళ్లీ సంస్థ మొత్తం ఒకే యూనిట్ అయింది. నువ్వు పంపిన ప్రకటనలో ఆ ఒక్క పోస్టు అక్కడి నుంచి వచ్చింది. ఎవరో దయతలచి వేసింది కాదు.

ఇట్లా వచ్చినవి ఎట్లా పోతాయో మీ ఇంట్లోవాళ్లకు తెలుసు. మీ పెద్దమ్మ టీచరయింది 2000 జనవరిలో వచ్చిన జీవో 3 వల్లనే కదా? ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న ఆ జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు నువ్వు నాకు ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నావు. నాకు గుర్తుంది.

ఇక ఈ రెండు సబ్జెక్టులూ ఒకే పోస్టులో ఎందుకున్నాయని అడిగావు. నిన్ను ఇంటర్వ్యూలోనూ అడుగుతారు. నా సంగతి చెబుతాను. నేను పదిహేనేళ్లు మథుర కేసు పాఠం చెప్పాను. 1972లో మహారాష్ట్రలో మథుర అనే అమ్మాయిపై అత్యాచారం ఒక పోలీస్ స్టేషన్‌లో జరిగింది, 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది, నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, ఉద్యమం లేచింది, 1983లో చట్టం మారింది. ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. ఆ అమ్మాయి ఆదివాసీ అన్నది నా నోట్సులో ఒక్క వాక్యం. ఆ వాక్యం దగ్గర ఒక్క రోజూ ఆగలేదు. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలో వాకపల్లి వార్త వచ్చింది. కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోదు స్త్రీలు చెప్పారు. అప్పుడు మా ఉమెన్స్ స్టడీస్ క్లాసులో దాన్ని చర్చకు పెట్టాం. చట్టం, వైద్య పరీక్ష, ఎఫ్‌ఐఆర్, అన్నీ మాట్లాడాం. కోదు భాషలో వాళ్లు ఆ మాట ఎట్లా చెప్పుకున్నారు, తెలుగులో రాసుకున్నవాడు ఏం రాసుకున్నాడు అని అడగాల్సిన మనిషి ఆ గదిలో లేదు. పక్క భవనంలో గిరిజనుల మీద సెమినార్ జరిగితే అక్కడ భూమి, అడవి, 1/70 చట్టం మాట్లాడారు, స్త్రీలను మా క్లాసుకు వదిలేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు దర్యాప్తు సరిగా జరగలేదంటూ నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు నడిచిన ఆ కేసు మా రెండు శాఖల నడుమ జారిపోయింది. ఈ పోస్టు ఉండాల్సింది ఆ నడుమే.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పనిది రాస్తున్నాను.

చాలా ఏళ్ల కిందట వేరే రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయానికి సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా వెళ్లాను. ఎస్టీ పోస్టుకు ముగ్గురు వచ్చారు. మూడో అమ్మాయి వారసంతల్లో స్త్రీల బేరసారాల మీద పనిచేసింది. ఇంగ్లీషులో ఆగి ఆగి మాట్లాడింది. ఎవరో సిద్ధాంతకర్త పేరు అడిగితే తడబడింది. "మీ వాళ్ల గురించి మీరే రాస్తే నిష్పక్షపాతం ఎట్లా?" అని ఒకరు అడిగారు. అంతకుముందు గంటలో, తన కులం వాళ్ల గురించే రాసిన జనరల్ అభ్యర్థిని ఆ ప్రశ్న ఎవరం అడగలేదు. పది నిమిషాల్లో పంపించేశాం. "నాట్ ఫౌండ్ సూటబుల్" అని రాసి ఉన్న కాగితం నా ముందుకు వచ్చింది. నేను సంతకం చేశాను. టీ వచ్చింది, తాగాను. ఆ పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉందని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి ఎక్కడుందో నాకు తెలియదు. నువ్వు మొదటిసారి నా గదికి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచినప్పుడు నాకు ఆమే కనిపించింది.

ఆ గదిలో ఏం జరుగుతుందో లోపలి నుంచి చూసినదాన్ని గనుక చెబుతున్నాను. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపికలో నీ మార్కులు, నెట్, పిహెచ్‌డి, పేపర్లు అన్నీ ఇంటర్వ్యూకు పిలవడం వరకే. ఆ తర్వాత ఇంటర్వ్యూ ఒక్కటే లెక్క. ఎస్టీ అభ్యర్థి వచ్చినప్పుడు, స్త్రీ వచ్చినప్పుడు ఆ వర్గానికి చెందిన అధ్యాపకులు కమిటీలో లేకపోతే ఒకరిని తప్పనిసరిగా పెట్టాలని కూడా అదే నిబంధనల్లో ఉంది. బల్ల చుట్టూ ఎవరున్నారో పేర్లు గుర్తుపెట్టుకో.

"గిరిజన" అన్న మాటతో మొదలుపెడతారు. మీది గోదావరి ఒడ్డు. మీ ఊళ్లో గిరి ఎక్కడుంది? నీ సిద్ధాంత గ్రంథంలో కోయవాళ్లు తమను తాము కోయితూర్ అనుకుంటారని రాసి, ఆ మాట మీద నాలుగు పేజీలు నడిపావు. అక్కడి నుంచే మాట్లాడు. నిష్పక్షపాతం ప్రశ్న మళ్లీ వస్తుంది. అప్పుడు గుంజాల గుర్తుచేయి. ఆదిలాబాద్ జిల్లాలో ఆ గోండు గూడెంలో పెద్దలు తమ లిపిలో రాసిన ప్రతులను తరాలుగా దాచుకున్నారు. గచ్చిబౌలిలో మన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి జయధీర్ తిరుమలరావు గారు వెళ్లి వాటిని బయటి లోకానికి చూపించారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. నువ్వు పనిచేసే అద్దాల భవనంలో కంప్యూటర్లు పాటించే ప్రమాణంలో ఇప్పుడు ఆ అక్షరాలకూ సంకేతాలున్నాయి. సొంత మనుషుల రాత కదా అని ఆ పెద్దలు పక్కన పెట్టేసి ఉంటే యూనికోడ్‌కు ఏం మిగిలేది?

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మీ ఇంటికి బస్సు దూరం. 2014 విభజన చట్టంలో ఇచ్చిన మాట, 2023 డిసెంబరులో పార్లమెంటు దాటింది. మొదట మన హైదరాబాద్ విశ్వవిద్యాలయమే దాని చేయి పట్టి నడిపింది. ఇద్దరు కోయ స్త్రీల పేరు గేటు మీద ఉంది. అలాంటి చోట స్టాఫ్ రూమ్‌లో ఎంతమంది కోయ స్త్రీలుంటారన్నది నాకు చిన్న ప్రశ్న కాదు. ఇప్పుడు మంత్రిగా ఉన్న సీతక్క 2022లో ఉస్మానియాలో గొత్తికోయల మీద పిహెచ్‌డి పూర్తిచేసినప్పుడు నువ్వు ఆ ఫొటో నాకు పంపి "మేడం, మనం కూడా" అని రాశావు. అప్పుడు నీకు ఇంకా రెండు అధ్యాయాలు మిగిలి ఉన్నాయి.

ఈసారి కూడా రాకపోవచ్చు. దాన్ని దాచను. రాకపోతే కంపెనీ ఉద్యోగం ఉంది, సెలవు పెట్టి వెళ్లు, రాజీనామా చేయకు. కానీ నువ్వు వెళ్లకపోతే ఆ కాగితం మీద ఏం రాస్తారో నాకు తెలుసు: అర్హులు రాలేదు. ఆ వాక్యానికి నీ గైర్హాజరు సాయపడకూడదు.

వచ్చే ఆదివారం లింగంపల్లి బస్సెక్కి నల్లగండ్లలో దిగు. కుల ధ్రువీకరణ పత్రం, పీజీ మార్కుల జాబితా, అచ్చయిన పేపర్లు తీసుకురా. వాటితోపాటు ఆ ఆరు నోటుబుక్కులు కూడా తే. ఇప్పపూలు ఏరే కాలంలో తెల్లవారుజామున చెట్ల కింద మీ ఊరి ఆడవాళ్లు మాట్లాడింది కోయలో విని, తెలుగు అక్షరాల్లో రాసుకున్నవి. పూలు ఎవరు ఏరారు, తూకం దగ్గర ఎవరు నిలబడ్డారు, డబ్బు ఎవరి చేతికి వచ్చింది అని మార్జిన్లలో నువ్వు గీసిన గుర్తులు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టున్నాయి. దరఖాస్తులో వాటికి గడి లేదు. అయినా తే. రెండో నోటుబుక్కులో వాన పడి చెదిరిన పేజీ ఉంది కదా, అది నువ్వు చదివి చెబితే నేను తిరగరాసి పెడతాను.

నీ మేడం