మోకాళ్ల నొప్పి కాదు

రెండేళ్ల పాటు నా మోకాళ్లు చేయని నేరాన్ని మోశాయి.

జెర్సీ సిటీలో మా అమ్మాయి వాళ్లిల్లు జర్నల్ స్క్వేర్ దగ్గర. నాలుగడుగులేస్తే న్యూవార్క్ అవెన్యూ, మన కూరగాయల కొట్లు, మిఠాయి దుకాణాలు. పాత్ రైలెక్కితే పావుగంటలో హడ్సన్ నది కిందుగా న్యూయార్క్. అయినా శనివారం వచ్చి "అమ్మా, పద, వెళ్దాం" అనగానే నాది ఒకటే జవాబు. "మీరెళ్లి రండమ్మా, మోకాళ్లు." మోకాళ్లు శుభ్రంగానే ఉన్నాయి. ఆ రైల్లో బాత్రూం లేదు, అదీ సంగతి.

మోకాళ్ల నొప్పికి మన ఇళ్లలో ఒక మర్యాద ఉంది. పెళ్లిలో కుర్చీ వేయిస్తుంది, వ్రతంలో పీట తప్పిస్తుంది. "తుమ్మితే మూత్రం పడిపోతోంది" అని మాత్రం ఎవరితో చెప్పుకుంటాం? అల్లుడి ముందా? అలా నా ప్రపంచం కొంచెం కొంచెంగా కుంచించుకుపోయింది. ముందు ముదురు రంగు చీరలు. తర్వాత బయటికెళ్లే రోజు నీళ్లు బంద్. ఆ తర్వాత బయటికెళ్లడమే బంద్. బజారు నుంచి వచ్చి తలుపు తాళం తిప్పుతుంటేనే ఆగేది కాదు; సరుకుల సంచి గుమ్మంలోనే వదిలేసి పరుగు.

నీళ్లు మానేయడం నాకు కొత్త విద్య కాదు. మా బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. పొద్దున ఇంట్లో వెళ్తే మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాకే. ఆర్టీసీ బస్సు ప్రయాణాలూ అంతే. ఆ ఉపాయం యాభై ఏళ్లు దాటాక ఎదురు తిరిగింది. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, ఇన్ఫెక్షన్లు తెస్తుంది.

ఒక రాత్రి లంగా ఉతుక్కుంటూ దొరికిపోయాను. "నీళ్లు ఒలికాయి" అన్నాను. అమ్మాయి బాత్‌టబ్ అంచున కూర్చుంది. కాసేపటికి, "బాబు పుట్టాక నాకూ ఇలాగే ఉండేదమ్మా. నీకెలా చెప్పాలో తెలీలేదు" అంది. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే బాధను దాచుకున్నాం! వేదిక మీద జంకకుండా మాట్లాడటం ఎలాగో నేర్పే పుస్తకాలు నా అలమరాలో నాలుగున్నాయి. కన్నకూతురితో మాట్లాడటానికి ఒక్కటీ పనికిరాలేదు.

ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. అక్కడ మనవల్నో అల్లుణ్నో మధ్యవర్తిగా పెట్టుకోనక్కర్లేదు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఇవ్వాలన్నది ఇక్కడి చట్టం. డాక్టరు మాటల్ని నాకు ఫోన్లో ఒకావిడ తెలుగులో చెప్పింది. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, దాంతో మూత్రనాళం పొర పలచబడుతుంది, అడుగున పట్టి ఉంచే కండరాలు సడలుతాయి. దగ్గినా తుమ్మినా జారడం ఒక రకం, ఉన్నట్టుండి తోసుకురావడం ఇంకో రకం. నాకు రెండూ ఉన్నాయి.

మందు కంటే ముందు మూడు రోజులు ఒక నోట్‌బుక్ రాయమన్నారు. ఏం తాగాను, ఎప్పుడు వెళ్లాను, ఎప్పుడు జారింది. నా దొంగ అందులో దొరికింది: రోజుకు నాలుగు కాఫీలు. రెండో దొంగ "ఎందుకైనా మంచిది, ఒకసారి వెళ్లొస్తా" అనే అలవాటు. నిండకుండానే వెళ్తుంటే మూత్రాశయం కొద్దిదానికే గోల చేయడం నేర్చుకుంటుందట. గడియారం పెట్టుకుని గంటకోసారి వెళ్లడంతో మొదలుపెట్టి, వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ పోయాను.

ఇక వ్యాయామం. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టర్ 1948లో దీని గురించి రాశారు. నలుగురిలో గ్యాస్ ఆపుకునేటప్పుడు బిగిస్తామే, ఆ కండరాలే. ఐదు లెక్కపెట్టేదాకా బిగించి, అంతసేపూ వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. నేను మొదట ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేదాన్ని, అది తప్పు. తోసుకొచ్చినప్పుడు పరుగెత్తకూడదు. ఉన్నచోటే నిలబడి నాలుగైదుసార్లు గబగబా బిగిస్తే అల తగ్గుతుంది, అప్పుడు నిదానంగా నడవాలి. ఫలితం తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది. పైపూతగా తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ కూడా ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్లయితే ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మూత్రంలో రక్తం, మంటతో జ్వరం, లేదా అసలు రాకపోవడం, ఇవి ఉంటే వ్యాయామం అంటూ కూర్చోకుండా వెంటనే చూపించుకోవాలి. షుగరు పరీక్ష కూడా చేయించుకోండి.

పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. హ్యాండ్‌బ్యాగులో ఇప్పటికీ ఒక ప్యాడ్ ఉంటుంది. కానీ మొన్న పాత్ రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లొచ్చాను, మంచినీళ్ల సీసాతో సహా.

మీ అమ్మగారో అత్తగారో ఈ మధ్య మోకాళ్ల నొప్పులంటూ ప్రయాణాలు మానేస్తుంటే, ఒకసారి పక్కన కూర్చుని అడగండి. మోకాళ్ల గురించి కాదు.