జీర్ణాశయమున దాగిన కణితి

గిలకలదిండి రేవునుండి మరపడవలపై వేటకు పోవువారు పెక్కుమార్లు దినముల తరబడి సముద్రముననే గడుపుదురు. వారిలో ఒకనికి విరేచనము తారువలె నల్లగా, జిగటగా అయినచో ‘వేడి చేసినది’ అని మజ్జిగ ఇచ్చి సరిపుచ్చుట కలదు. బందరులో ఉర్దూ మాట్లాడు ఇండ్లలో దానినే ‘గర్మీ’ అందురు. మాట ఏదైనను, అట్టి మలము కడుపులో రక్తము కారుచున్నదనుటకు గురుతు. యాభై, నూరు మిల్లీలీటర్ల రక్తము కారినను మలము నల్లబడును. ఇనుము మాత్రలు వాడువారికిని మలము నల్లబడును గాని, ఆ జిగటయు దుర్గంధమును ఉండవు.

ఇట్టి రక్తస్రావమునకు తరచుగా కారణము పుండు. హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవియు, అదేపనిగా మ్రింగు నొప్పి మాత్రలును దానిని కలిగించును. ఇది చాలమందికి తెలిసినదే. మేము చెప్పదలచినది అరుదైన మరియొక కారణమును గూర్చి.

సాధారణమైన క్యాన్సరు జీర్ణాశయపు లోపొరలో పుట్టును. ‘జిస్ట్’ అను కణితి అట్లుగాక గోడలోని కండరపు పొరలో పుట్టును. జీర్ణనాళపు కదలికలకు లయ నిచ్చు కహాల్ కణములకు ఇది చుట్టము. పూర్వము దీనిని మామూలు కండరపు కణితిగానే ఎంచిరి. 1983లో మేజర్, క్లార్క్ అనువారు దీనికి వేరు పేరు పెట్టిరి. 1998లో జపాను శాస్త్రజ్ఞుడు హిరోటాయు ఆయన సహచరులును ‘కిట్’ అను జన్యువులోని మార్పు దీనికి మూలమని కనుగొనిరి. ఏటా పది లక్షల మందిలో సుమారు 10 నుండి 15 మందికి ఇది వచ్చును. అందు సగమునకు మించినవి జీర్ణాశయముననే పుట్టును. గ్లోమస్ కణితి, క్రొవ్వు కణితి ఇంకను అరుదు. అవియు రక్తము కార్చగలవు.

కణితి పెరిగినకొలది దానిపైనున్న లోపొర సాగి, పలుచనై, పుండుపడి, రక్తనాళము తెరచుకొనును. అంతవరకు నొప్పి లేకపోవచ్చును. చిక్కంతయు ఇచటనే యున్నది. ఎండోస్కోపీలో నున్నని ఉబ్బు, దాని నడుమ చిన్న గుంట కనబడును. పట్టకారుతో తీసిన ముక్క పైపొరకు చెందినదే యగుటచే ‘దోషము లేదు’ అని రిపోర్టు రావచ్చును. రక్తమెక్కించి, ఆ కాగితము నమ్మి రోగిని ఇంటికి పంపుట ప్రమాదకరము. సి.టి. స్కానుగాని, ఎండోస్కోపు కొనకు అల్ట్రాసౌండు అమర్చి చేయు పరీక్షగాని గోడలోని కణితిని పట్టి చూపును.

చికిత్స శస్త్రచికిత్సయే. ఈ కణితి శోషరస గ్రంథులకు వ్యాపించుట అరుదు గనుక, చిన్నదైనచో జీర్ణాశయమంతయు తీయనక్కరలేదు. కణితితోపాటు చుట్టునున్న కొంత గోడను తీసిన చాలును. వ్యాపించినచో ఇమాటినిబ్ మాత్రలు కలవు. విదేశీ కంపెనీ మాత్ర నెలకు సుమారు లక్షా ఇరువది వేల రూపాయలుండగా, హైదరాబాదు నాట్కో వంటి కంపెనీల మాత్రలు పదివేలకు లోపుగనే లభించెను. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంటు కోరికను త్రోసిపుచ్చెను. వైద్యము చదువని విద్యార్థులును ఆ తీర్పును చదువదగును.

మచిలీపట్నమున ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది. నల్లని విరేచనముతో కన్నులు తిరిగినను, చెమటలు పట్టినను మరునాటివరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. వాడిన మాత్రలన్నిటిని చెప్పి, పాత రిపోర్టులను చూపవలెను. ఒకమారు రక్తమెక్కించిన పిమ్మట హీమోగ్లోబిన్ మరల పడిపోయినచో, గోడలో ఏమున్నదో చూచితిరా అని వైద్యుని అడుగవలెను.