నడుమ కళాశాల మారినచో వెనుకటి చదువు లెక్కకు వచ్చునా?

డిగ్రీ చదువు యువతీ యువకులు లేని గ్రామము నేడు అరుదు. ఆ చదువును నడుమ విడిచినవారు లేని గ్రామమును అరుదే. తండ్రికి జబ్బు చేయుటచే ఒకరు, వివాహమై అత్తవారింటికి పోవుటచే మరియొకరు కళాశాల మానుకొందురు. కొంతకాలమునకు వారు వేరొకచోట చేరగోరినపుడు, చదివినది లెక్కకు వచ్చునా, మరల మొదటి సంవత్సరమునుండి ప్రారంభింపవలెనా అను సంశయము కలుగును. పంచాయతీ సభ్యుల యొద్దకు సలహాకై వచ్చు తలిదండ్రులకు చెప్పుటకు ఈ సంగతులు తెలిసియుండుట మంచిది.

క్రెడిట్ అనునది చదువునకు కొలత. వారమునకు ఒక గంట చొప్పున ఒక సెమిస్టరు, అనగా సుమారు 15 గంటలు, పాఠము విని పరీక్షలో ఉత్తీర్ణత పొందినచో ఒక క్రెడిట్ లభించును. ప్రయోగశాల పనికి ఇందుకు రెట్టింపు కాలము పట్టును. 2022 డిసెంబరులో యు.జి.సి. వెలువరించిన ప్రణాళిక ప్రకారము మూడేండ్ల డిగ్రీకి కనీసము 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సుకు 160 క్రెడిట్లు కావలెను.

కొలత ఒకటే యైనను బస్తాలోని ధాన్యము ఒకటి కాకపోవచ్చును. కనుకనే విద్యార్థిని చేర్చుకొను విశ్వవిద్యాలయము మార్కులతో పాటు సిలబసును పరిశీలించును. వెనుకటి రసాయనశాస్త్ర పాఠములు తన పాఠములతో చాలవరకు సరిపోలినచో అంగీకరించును. లేనిచో ఆ పేపరును మరల చదువుమనును. తప్పిన పేపరుకు క్రెడిట్ లేనే లేదు. అంతేకాదు, క్రెడిట్లున్నంత మాత్రమున సీటు హక్కుగా లభింపదు. చేర్చుకొనుట, మానుట ఆ విశ్వవిద్యాలయపు నిర్ణయమే.

ఈ మార్పిడిని సులభము చేయుటకు 2021 జూలైలో యు.జి.సి. నియమములు ప్రకటింపగా, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఏర్పడినది. పేరు విని అచ్చట విద్యా ఋణము దొరకునని తలచువారు లేకపోలేదు. ఈ బ్యాంకులో రూపాయలుండవు, క్రెడిట్లే యుండును. విద్యార్థి డిజిలాకరు ద్వారా ఖాతా తెరువవచ్చును. కాని జమ చేయవలసినది విద్యాసంస్థయే. మార్కుల పట్టీ చేతబట్టుకొని పోయి విద్యార్థి తానుగా జమ చేయుటకు వీలులేదు. ఇచ్చటనే పెక్కుమందికి చిక్కు వచ్చును. ఖాతా ఉండును, అందు క్రెడిట్లుండవు. కళాశాల విడుచుటకు ముందే ఖాతా తెరచి చూచి, లోపమున్నచో పరీక్షల విభాగమునకు వ్రాతపూర్వకముగా తెలుపుట మేలు. విడిచిన తరువాత ఆ పని మిక్కిలి కష్టము.

మరియొక నియమము పలువురికి తెలియదు. పట్టము నిచ్చు సంస్థలో కనీసము సగము క్రెడిట్లు సంపాదింపవలెను. శ్రీకాకుళము జిల్లాలో రెండేండ్లు చదివి 80 క్రెడిట్లు పొందిన బాలిక, వివాహానంతరము గుంటూరు జిల్లాలో వేరొక విశ్వవిద్యాలయమున చేరినదనుకొందము. 120లో 60 క్రెడిట్లు ఆమె క్రొత్తచోటనే సంపాదింపవలెను. కనుక పాత క్రెడిట్లలో 60 మాత్రమే అక్కరకు వచ్చును, 20 మిగిలిపోవును. ఒక్క సంవత్సరములో ముగియుననుకొన్న చదువు మరియొక సెమిస్టరు సాగును. అట్టి బాలికకు, వీలైనచో, మిగిలిన ఏడాదిని పాత కళాశాలలోనే ముగించుట లాభమని మా అభిప్రాయము. అత్తవారు ఒప్పుకొనునట్లు నచ్చజెప్పుటలో మహిళా సభ్యుల మాటకు విలువ ఎక్కువ.

క్రెడిట్లకు గడువు కూడ కలదు. సాధారణముగా ఏడేండ్లు దాటినచో అవి చెల్లవు.

పాలిటెక్నిక్ డిప్లొమా పొందినవారి మార్గము వేరు. వారు ఈసెట్ పరీక్ష వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరములో నేరుగా చేరవచ్చును. అచ్చట పేపరుకు పేపరు పోల్చుట లేదు. మొదటి సంవత్సరము మొత్తముగా మినహాయింపబడును.

కళాశాల మారు విద్యార్థి టి.సి., మైగ్రేషన్ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల మార్కుల పట్టీలు తీసికొనవలెను. వీనితో పాటు తాను చదివిన సిలబసు ప్రతిని కళాశాల ముద్రతో దగ్గర నుంచుకొనవలెను. ఉపకార వేతనము పొందువారు, సంస్థ మారినచో అది కొనసాగునో లేదో టి.సి.కి దరఖాస్తు చేయుటకు ముందే విచారించుకొనవలెను.